తమదైన శైలిలో

తెలుగు పత్రికల్లో నేరవార్తలు చదివే అలవాటున్నవాళ్లకి ఈ వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది: “అనుమానితుణ్ణి అదుపులోకి తీసుకున్న పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు.” జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఉన్న ఏళ్లలో ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దానో, ఎన్నిసార్లు నా చేత్తో నేనే రాశానో లెక్క లేదు. ఆ శైలి ఏమిటో పంపిన విలేకరికి తెలుసు, దిద్దిన నాకు తెలుసు, పొద్దున్నే కాఫీ తాగుతూ చదివే మీకూ తెలుసు. లాఠీ అనో అరికాళ్లు అనో రాస్తే నోటీసు వస్తుంది. శైలి అని రాస్తే ఎవరికీ ఏమీ రాదు. ఈ మాట మొదట వాడిన సబ్ ఎడిటర్ ఎవరో గానీ మహానుభావుడు, దెబ్బల్ని అలంకారశాస్త్రంలో కలిపేశాడు.

ఇప్పుడు ఆ వాక్యం చూస్తే నాకు ఎక్కువగా గుచ్చుకునేది దాని చివరున్న చుక్క. అంగీకరించాడు, అయిపోయింది. మా వార్త అక్కడే ఆగేది. చాలాసార్లు వాళ్ల దర్యాప్తూ అక్కడే ఆగేది.

నా వాదన ముందే చెప్పేస్తాను, తిట్టదలచుకున్నవాళ్లకి వెసులుబాటుగా ఉంటుంది. ఒకదాని వెనక ఒకటిగా హత్యలు జరిగిన కేసులో నిందితుడి ఒప్పుకోలు కంటే దర్యాప్తుకి ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. మామూలు హత్యకి ఏదో ఒక కారణం కనిపిస్తుంది. పొలం గట్టు, అప్పు, ఆలుమగల మధ్య అనుమానం. ఎవర్ని అడగాలో ఊళ్లో చిన్న కుర్రాడైనా చెబుతాడు. వరస హత్యల్లో చంపినవాడికీ పోయినవాళ్లకీ చుట్టరికం ఉండదు, పగ ఉండదు. అంత ఖాళీ ఉన్నచోట మనసు ఊరుకోదు, ఒక కథ కావాలంటుంది. ఆ కథ చెప్పగలిగినవాడు లాకప్పులో కూర్చున్న ఆ ఒక్కడే. వాడు చెప్పేశాక ఇంకేం వెతకాలని ఎవరికీ అనిపించదు. ఈ సంగతి నాకు నిఠారీ కేసు నేర్పింది. నేర్పడానికి 19 ఏళ్లు తీసుకుంది.

నోయిడాలో సెక్టార్ 31ని ఆనుకుని ఉన్న ఊరు నిఠారీ. చుట్టూ బంగళాలు లేచాయి, ఊరు మాత్రం ఇరుకిరుకు గదుల్లో మిగిలింది. బంగళాల్లో పనులు చేసుకోడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆ గదుల్లో అద్దెకుండేవాళ్లు. 2005 నుంచి అక్కడ పిల్లలు కనబడకుండా పోవడం మొదలైంది. ఫిర్యాదు చేయబోతే, వాళ్లంతట వాళ్లే ఎటో పోయి ఉంటారని, ఆడపిల్ల ఎవడితోనో లేచిపోయి ఉంటుందని చెప్పి పంపేశారని తల్లిదండ్రులు తర్వాత వాపోయారు. ఇరవై ఏళ్ల కూతురు కనిపించక ఒక తండ్రి కోర్టుకెక్కాడు. కోర్టు ఆదేశించాక గానీ ఎఫ్ఐఆర్ కట్టలేదు. ఆ అమ్మాయి సెల్‌ఫోన్ జాడ పట్టుకుని వెళ్లిన పోలీసులు డి-5 అనే ఇంటి దగ్గర తేలారు. ఇల్లు మోనీందర్ సింగ్ పంధేర్ అనే వ్యాపారిది. అందులో పనిచేసే సురేంద్ర కోలీ, ఉత్తరాఖండ్ కొండల్లోని అల్మోడా జిల్లా నుంచి పొట్టకూటికి వచ్చినవాడు. 2006 డిసెంబరు 29న ఆ ఇంటి వెనక మురుగు కాలువలోంచి పుర్రెలు, ఎముకలు, పిల్లల బట్టలు, చెప్పులు బయటపడ్డాయి.

ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఢిల్లీ నుంచి ఏజెన్సీ కాపీ గంటగంటకీ పెరుగుతోంది. పేజీ దిగే వేళ దగ్గరపడుతోంది. “నరరూప రాక్షసుడు” అని శీర్షిక పెట్టాను. అప్పట్లో అది మాకు సిద్ధంగా ఉండే మాట. ఆ తర్వాత కొన్నేళ్లకి “మృగాడు” వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. వాళ్లు చేశారా లేదా అన్న ప్రశ్న ఆ రాత్రి నాకు తట్టిందా అంటే, తట్టలేదు. పిల్లల్ని పిలిచాడట, చంపాడట, ముక్కలు చేశాడట, తిన్నాడట. నేను అనువాదం చేసిన ప్రతి వాక్యంలోనూ ఆ ‘అట’ ఉండాల్సింది. తెలుగులో అంత చక్కటి ప్రత్యయం పెట్టుకుని, దాన్ని తీసేసి “చంపాడు”, “తిన్నాడు” అని రాశాను. ‘అట’ పెడితే వార్త బలహీనంగా ఉంటుందని మాకు నేర్పారు మరి.

ఆపైన జనవరి అంతా అదే. కొందరు పోలీసుల ఉద్యోగాలు పోయాయి. కేసు సీబీఐ చేతికెళ్లింది. నిందితులిద్దరికీ గాంధీనగర్‌లో నార్కో పరీక్షలు చేశారు, మత్తులో వాళ్లన్న మాటలు టీవీల్లో మోగిపోయాయి. గాజియాబాద్ కోర్టు ఆవరణలో వాళ్లని చితకబాదారు, బాదినవాళ్లలో నల్లకోట్లున్నాయి. అప్పటికి విచారణ మాట అటుంచి, ఛార్జిషీటే లేదు. సమ్మతి లేకుండా నార్కో చేయడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అప్పటికి అందరూ చూసేశారు.

ఇక్కడ కాస్త చట్టం చెప్పుకోవాలి. విసుగనిపిస్తే ఓ పేరా దాటండి గానీ, గుంటూరు జిల్లా వాళ్లు మాత్రం దాటొద్దు.

1872 సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షను ప్రకారం, పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. కస్టడీలో ఉండగా చేసిందైతే, మేజిస్ట్రేటు ఎదుట చేస్తే తప్ప చెల్లదని 26 అంటుంది. తెల్లదొరలు తమ పోలీసుల్ని తామే నమ్మలేదన్నమాట. స్వతంత్ర భారతం కూడా నమ్మలేదు. 2024 జులై 1న కొత్త చట్టం వచ్చినప్పుడు ఈ నిబంధనలన్నీ 23వ సెక్షనులోకి చేరాయి, సారాంశం మారలేదు. అంటే మేం పతాక శీర్షికలకెక్కించిన “అంగీకరించాడు”కి కోర్టులో కానీ విలువ లేదు. మరి పోలీసులు దానికోసం అంత శ్రమపడటం ఎందుకు? పాత చట్టంలో 27వ సెక్షనుంది కనక, అదీ ఇప్పుడు కొత్త 23లోనే ఉంది. నిందితుడు చెప్పినదాన్నిబట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి కారణమైనంత మేరకు ఆ మాట చెల్లుతుంది. ఎంత మేరకు అనే లెక్క తేల్చింది మన గుంటూరు కేసే. పులుకూరి కొట్టయ్య కేసు, 1947, లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. రెండు వర్గాల కొట్లాట. చెరువు మూల కాపుకాసి కొట్టి చంపామని, ఈటె, కర్ర ఫలానా వాళ్ల గడ్డివాములో దాచామని, వస్తే చూపిస్తామని వాంగ్మూలం. గడ్డివాములో దాచాం, చూపిస్తాం అన్నంత వరకే చెల్లుతుంది, కొట్టి చంపాం అన్నది చెల్లదని కౌన్సిల్ తేల్చింది. ఇవాళ్టికీ దేశంలో ఏ మూల ఏ కోర్టులో ఈ చర్చ వచ్చినా లాయర్లు కొట్టయ్య పేరెత్తాల్సిందే. గడ్డివాము మనది, సూత్రం దేశానిది.

మన దగ్గర ఈ తంతు ఎలా నడుస్తుందో చూసినవాళ్లకి తెలుసు. ఇద్దరు మధ్యవర్తుల్ని పిలుస్తారు, వాళ్లలో ఒకాయన తరచుగా వీఆర్వో. వాళ్ల ముందు నిందితుడు చెబుతాడు, ఎస్ఐ రాసుకుంటాడు, అందరూ జీపెక్కి వెళతారు, వస్తువు దొరుకుతుంది, మధ్యవర్తులు సంతకాలు పెడతారు. కొన్నిచోట్ల వరస తిరగబడుతుంది. ముందు వస్తువు దొరుకుతుంది, ఆ తర్వాత నిందితుడు చెబుతాడు. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి.

నిఠారీలో కాగితం కూడా సరిగ్గా లేదు. ఎముకలు ఎక్కడున్నాయో కోలీ చెప్పాకే దొరికాయన్నది ప్రాసిక్యూషన్ కథకి మూలస్తంభం. కోలీని తీసుకుని పోలీసులు వచ్చేసరికే జనం అక్కడ తవ్వుతున్నారు. అక్కడ ఎముకలున్న సంగతి ఊరికి తెలుసు, పోలీసులకి తెలుసు. అందరికీ తెలిసిన కాలువలో అందరికీ కనబడుతున్న ఎముకల్ని నిందితుడు “చూపించడం” ఏమిటి? పైగా కోలీ చెప్పినట్టు ఆ రోజే రాసి సంతకాలు చేయించిన పంచనామా లేదు. మొదట ఇద్దరూ కలిసి చూపించారన్నారు. రోజులు గడిచేకొద్దీ యజమాని కథలోంచి జారిపోయాడు, పనివాడు ఒక్కడే మిగిలాడు. ఈ లోపాలన్నీ పట్టడానికి సుప్రీంకోర్టుదాకా వెళ్లనక్కర్లేదు, పత్రిక ఆఫీసులో ఓపికున్న సబ్ ఎడిటర్ చాలు. ఆ ఓపిక మాకు లేకపోయింది.

ఇక రెండో స్తంభం, మేజిస్ట్రేటు ముందు నేరాంగీకారం. 2007 మార్చి 1న ఢిల్లీలో రికార్డు చేశారు. వీడియో కూడా తీశారు. అప్పటికి కోలీ పోలీసు కస్టడీలో 60 రోజులకి పైగా ఉన్నాడు. మధ్యలో డాక్టరు పరీక్ష సరిగ్గా జరగలేదు, చెప్పుకోదగ్గ న్యాయసహాయం అందలేదు. ఆ వాంగ్మూలంలోనే తనని హింసించారని, ఏం చెప్పాలో నేర్పారని అతను అన్నాడు. ఒక్కసారి ఊహించుకోండి. ఒక మనిషి “నేను చేశాను” అంటున్నాడు, అదే ఊపులో “ఇలా చెప్పమన్నారు” అని కూడా అంటున్నాడు. కోర్టులు ఏళ్ల తరబడి మొదటి మాట విన్నాయి, రెండోది వినలేదు.

ఒప్పుకోలు చేతికొచ్చాక ఏమేం వెతకడం మానేస్తారో చెప్పడానికి ఆ ఇల్లే ఉదాహరణ. కథ ప్రకారం హత్యలు, ముక్కలు చేయడం, వంట, సమస్తం డి-5 లోపలే జరిగాయి. ఫోరెన్సిక్ నిపుణులు ఆ ఇల్లంతా గాలించారు. మనిషి రక్తం మరకలు గానీ అవశేషాలు గానీ ఆ కథకి సరిపడేలా లోపల దొరకలేదు. స్వాధీనం చేసుకున్న కత్తి, గొడ్డలి మీద రక్తం లేదు. డీఎన్ఏ పరీక్షలు జరిగాయి నిజమే. అవి ఏ ఎముక ఏ తల్లి బిడ్డదో చెప్పాయి, ఎవరు చంపారో చెప్పలేదు. వైద్యం చదవని పనివాడు శరీరాన్ని అంత నేర్పుగా ఎలా కోయగలిగాడన్న ప్రశ్నకి జవాబు లేదు. మూత్రపిండాలూ ఇతర అవయవాల వ్యాపారం కోణం చూడమని స్త్రీ శిశు సంక్షేమ శాఖ వేసిన కమిటీ అప్పుడే సూచించింది. చూడలేదు. ఎందుకు చూస్తారు? కథ దొరికింది కదా. పిల్లలు పోతున్నప్పుడు లేచిపోయారంటూ వెతకలేదు, ఒకడు ఒప్పుకున్నాక దొరికాడంటూ వెతకలేదు.

సీబీఐ 19 కేసులు చేపట్టి మూడింటిని ఆధారాలు లేవని మూసేసింది, 16 ఛార్జిషీట్లు వేసింది. 2009 ఫిబ్రవరి 13న గాజియాబాద్‌లోని సీబీఐ కోర్టు మొదటి కేసులో ఇద్దరికీ ఉరి వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు యజమానిని వదిలేసింది, పనివాడి ఉరి ఖాయం చేసింది. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, ఇది అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసంది. కింది కోర్టు కోలీకి వేసిన ఉరిశిక్షలు అన్నీ కలిపి పదమూడు అయ్యాయి.

2014 సెప్టెంబరు సంగతి కాస్త ఆగి చెప్పాలి. రాష్ట్రపతి క్షమాభిక్ష తోసేశారు. కోలీని మీరట్ జైలుకి మార్చారు. ఆ వారంలోనే ఉరి, వారెంటు గడువు 12తో ముగుస్తుంది. పత్రికలు తలారిని పట్టుకున్నాయి, ఆయన తాత ముత్తాతల గురించి, తాడు మందం గురించి ఫీచర్లు నడిచాయి. నేనూ ఒకటి పేజీలో పెట్టాను, ఒప్పుకుంటాను (ఈ మాట నా నోటంట రావడం తమాషాగానే ఉంది, నన్నెవరూ ఏ శైలిలోనూ విచారించలేదు). 8వ తేదీ తెల్లవారకముందే, అర్ధరాత్రి దాటాక, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఉరి ఆపేశారు. కారణం వింటే ఒళ్లు జలదరిస్తుంది. అంతకు ఆరు రోజుల ముందే, సెప్టెంబరు 2న, రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. ఉరిశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్లని, అంటే తీర్పు మళ్లీ చూడమనే అర్జీలని, న్యాయమూర్తులు గదిలో కూర్చుని కాగితాలు చూసి కొట్టేయకూడదు, బహిరంగ కోర్టులో వాదన వినాలి అని. అది వేరేవాళ్ల కేసు. ఆ తీర్పు ఒక్క పక్షం ఆలస్యంగా వచ్చి ఉంటే, తర్వాత నిర్దోషి అని కోర్టు ప్రకటించిన మనిషి అప్పటికి లేడు. వాదన విన్నారు, అక్టోబరులో రివ్యూ కొట్టేశారు. 2015 జనవరిలో హైకోర్టు, క్షమాభిక్ష తేల్చడంలో జరిగిన ఆలస్యాన్నిబట్టి ఉరిని యావజ్జీవంగా మార్చింది. అతను బతికింది తేదీల పుణ్యాన. సాక్ష్యాల జోలికి అప్పటికీ ఎవరూ పోలేదు.

సాక్ష్యాల జోలికి పోయింది 2023లో. అక్టోబరు 16న అలహాబాద్ హైకోర్టు కోలీని 12 కేసుల్లో, పంధేర్‌ని రెండింటిలో నిర్దోషులుగా వదిలింది. పైన నేను చెప్పినవన్నీ, 60 రోజుల కస్టడీ దగ్గర్నుంచి కాలువ దాకా, ఒక్కొక్కటిగా విప్పింది. పేద పనివాణ్ణి రాక్షసుడిగా చూపి ఇరికించే సులువైన దారి ఎంచుకున్నారంది. దర్యాప్తు వైఫల్యం ప్రజల నమ్మకానికి ద్రోహమంది. రాక్షసుడిగా చూపినవాళ్లు అన్నచోట నేను నా పేరు రాసుకున్నాను. 2025 జులై 30న సుప్రీంకోర్టు ఆ తీర్పుల మీద అప్పీళ్లని కొట్టేసింది.

అక్కడ ఒక వింత మిగిలింది. పన్నెండు కేసుల్లో చెల్లని వాంగ్మూలమే, చెల్లని ఎముకల స్వాధీనమే, పదమూడో కేసులో చెల్లుతూ కూర్చుంది, ఎందుకంటే ఆ కేసు 2011లోనే సుప్రీంకోర్టుదాకా వెళ్లి ముగిసిపోయింది. ఒకే కాగితం, ఒకే కాలువ, ఒకే మనిషి. పన్నెండు చోట్ల నిర్దోషి, ఒకచోట యావజ్జీవ ఖైదీ. దీన్ని సరిచేయడానికి క్యూరేటివ్ పిటిషన్ ఒక్కటే దారి. 2002లో సుప్రీంకోర్టు తానే తెరిచిన చివరి కిటికీ అది, అందులోంచి బయటపడ్డవాళ్లు చాలా అరుదు. 2025 నవంబరు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ శిక్షనీ రద్దు చేసింది. తవ్వకాలు మొదలయ్యేముందు ఆ చోటుని భద్రపరచలేదని, ఇంట్లో పనిచేసే మిగతావాళ్లనీ ఇరుగుపొరుగునీ సరిగ్గా విచారించలేదని, అవయవాల వ్యాపారం కోణాన్ని వదిలేశారని తప్పుపట్టింది. ఇంత సుదీర్ఘ దర్యాప్తు తర్వాత కూడా అసలు నేరస్థుడెవరో చట్టం ఒప్పుకునే రీతిలో తేలకపోవడం విచారకరమంది. మర్నాడు కోలీ జైల్లోంచి బయటికొచ్చాడు.

ఈ తీర్పు వచ్చిన వారం, నాతో పాటు డెస్కులో పనిచేసి రిటైరైన ఒకాయన ఫోన్ చేశారు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. “ఇదేం న్యాయంరా? మరి ఆ పిల్లల్ని ఎవరు చంపినట్టు? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా ఎముకలు?” అన్నారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. లాయర్ల తెలివితేటలతో నేరస్థులు తప్పించుకుంటారన్న కోపంలో నిజం లేకపోలేదు, కళ్లారా చూశాం ఇద్దరం. “వాడు చేయలేదని నువ్వు చెప్పగలవా?” అనడిగారు. చెప్పలేను. ఎవరు చేశారో తేల్చగలిగే సాక్ష్యం 2006 డిసెంబరులో ఆ కాలువలోనే ఉండి ఉంటుంది. జనం కాళ్లకింద, పోలీసుల పారలకింద, మా కెమెరాల వైర్లకింద తొక్కిడిలో పోయింది. ఆ కోపం కోర్టు మీద చూపించడం, అద్దం పగలగొట్టడంలాంటిది. “నువ్వెప్పుడూ ఇంతే,” అని ఫోన్ పెట్టేశారు అన్నయ్య. సంక్రాంతికి కలిసినప్పుడు మళ్లీ ఇదే గొడవ పడతాం.

కోలీ కేసొక్కటే పట్టుకుని ఇంత పెద్ద మాట అంటున్నావేమిటని అడగొచ్చు. వేరే దేశాల సంగతీ చూడండి. 1983లో టెక్సాస్‌లో హెన్రీ లీ లూకస్ అనేవాడు పట్టుబడ్డాడు. హత్యలు ఒప్పుకోవడం మొదలెట్టాడు, పదులు దాటి వందలకి చేరాడు. టెక్సాస్ రేంజర్లు ఏకంగా ఒక ప్రత్యేక బృందం పెట్టారు. ఎక్కడెక్కడి పోలీసులో తమ తేలని కేసులు పట్టుకొచ్చి క్యూ కట్టారు. మిల్క్‌షేక్ ఇచ్చేవాళ్లు, వాడు ఒప్పుకునేవాడు. అలా 200 పైచిలుకు కేసులు తేలిపోయాయన్నారు. 1985లో ఒక డాలస్ పత్రిక వాడి ప్రయాణాల లెక్క తీసి చూస్తే, ఒకేసారి రెండు మూలల్లో ఉంటే తప్ప అన్ని హత్యలు చేయడం కుదరదని తేలింది. వాడు హంతకుడే, అందులో సందేహం లేదు. కానీ వాడు నెత్తినేసుకున్న ప్రతి అబద్ధపు హత్య వెనకా అసలు హంతకుడొకడు హాయిగా తిరిగాడు. వాడికి ఉరిపడ్డ కేసులో, హత్య జరిగిన సమయానికి ఫ్లోరిడాలో పనిలో ఉన్నాడన్న రికార్డులు బయటపడి, 1998లో గవర్నర్ జార్జి బుష్ దాన్ని యావజ్జీవంగా మార్చాల్సి వచ్చింది. స్వీడన్‌లో థామస్ క్విక్ కథ ఇంకా ఘోరం. మానసిక వైద్యశాలలో మందుల మత్తులో 30కి పైగా హత్యలు ఒప్పుకున్నాడు. ఎనిమిదింటికి శిక్షలు పడ్డాయి. తర్వాత అన్నీ అబద్ధమన్నాడు. 2013 నాటికి ఎనిమిదీ రద్దయ్యాయి. అక్కడ ఎవరూ లాఠీ ఎత్తలేదు. అడిగేవాళ్లకి కథ కావాలి, చెప్పేవాడికి శ్రోతలు కావాలి, అంతే.

మన దగ్గరికి వద్దాం. 2019 డిసెంబరు 6న, దిశ కేసు నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చిచంపినప్పుడు జనం పూలు చల్లారు. నాకు తెలిసిన మంచి మనుషులే చల్లినంత పనిచేశారు. కొద్ది రోజులకి పత్రికల్లో ఇంకో వార్త వచ్చింది. పోయిన నలుగురిలో ఇద్దరు, అంతకుముందు హైవేల మీద మరో తొమ్మిది హత్యలు చేసినట్టు ఒప్పుకున్నారని. చచ్చిపోయినవాళ్లు వరస హంతకులైపోయారు. అది నిజమో అబద్ధమో అడగడానికి వాళ్లు లేరు. నిజమైతే, ఆ తొమ్మిది కేసుల్లో వాళ్లనించి రాబట్టాల్సిన సమాచారం వాళ్లతోనే పోయింది. అబద్ధమైతే, ఆ తొమ్మిదిమందిని చంపినవాళ్లు అదే హైవే మీద ఉన్నారు. ఏ రకంగా చూసినా నష్టపోయింది ఆ తొమ్మిది కుటుంబాలు. ఆ కాల్పుల మీద విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది, నలుగురిలో ముగ్గురు మైనర్లంది. అప్పుడు పూలు చల్లినవాళ్లెవరూ ఆ నివేదిక గురించి నాతో మాట్లాడలేదు.

దిశ కేసు జరిగిన 2019లోనే, ఏప్రిల్‌లో, హాజీపూర్ బయటపడింది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం, సరైన బస్సు లేక పిల్లలు బళ్ల మీద లిఫ్టు అడిగి వెళ్లే ఊరు. పాడుబడ్డ బావిలో ఒక విద్యార్థిని శవం దొరికింది. తవ్వితే ఇంకో ఇద్దరు ఆడపిల్లల అవశేషాలు దొరికాయి. వాళ్లలో ఒకర్తె 2015 నుంచి కనపడటంలేదు, చిన్నపిల్ల. నాలుగేళ్లు. నిందితుడి ఇల్లు ఊరివాళ్లు తగలబెట్టారు. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. తీర్పు త్వరగా వచ్చిందని మేం మెచ్చుకుంటూ సంపాదకీయం రాశాం. నాలుగేళ్ల కిందట ఆ చిన్నపిల్ల పోయినప్పుడు ఊరి పాడుబావుల్లోకి తొంగిచూసినవాళ్లు ఎవరూ లేరన్నది ఆ సంపాదకీయంలో లేదు. తగలబడిపోయిన ఇంట్లో ఏం సాక్ష్యాలు పోయాయన్నదీ లేదు. నిఠారీ కాలువ గట్టున జనం తవ్విన తవ్వకానికీ, హాజీపూర్‌లో పెట్టిన నిప్పుకీ పెద్ద తేడా నాకు కనబడదు. కడుపు మండినవాళ్లని నేను తప్పుపట్టడం లేదు. వాళ్లని పక్కకి జరిపి చుట్టూ తాడు కట్టాల్సింది ఖాకీ చొక్కా వేసుకున్నవాళ్లు.

కోలీ విడుదలైన రోజు నేను ఫోనులో వార్తలు తిరగేశాను. ఒకచోట “నిఠారీ హంతకుడు విడుదల” అని ఉంది. నిర్దోషి అని తీర్పొచ్చిన మర్నాడు. ఆ శీర్షిక పెట్టిన కుర్రాణ్ణి తిట్టబోయి ఆగాను, డెస్కులో రాత్రి పదకొండింటికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. సరే, నువ్వయితే ఏం పెట్టేవాడివని నన్ను నేను అడుగుకుని కాగితం తీసుకున్నాను. పాత అలవాటు, రెండు కాలాలు, పదమూడు పధ్నాలుగు అక్షరాలు. పిల్లలున్నారు, కర్మ దొరికింది. చంపబడ్డారు, క్రియ ఉంది. కర్త దగ్గర పెన్ను ఆగిపోయింది. చిన్నప్పుడు బళ్లో మాస్టారు, కర్త లేకపోతే వాక్యం వెనక్కిచ్చేవారు. నాలుగైదు రకాలుగా తిప్పి రాశాను. “నిఠారీ పిల్లల్ని చంపారు” అని రాసి చూస్తే, ఎవరు అన్నచోట ఆ బహువచనం మాత్రం మిగిలింది.